గుండె పంపింగ్ 40 శాతమా, 45 శాతమా? నాన్నగారి ఎకో రిపోర్టును ఎలా చదవాలి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. మా నాన్నగారి వయసు 59 ఏళ్లు. వ్యవసాయం చేస్తారు. చాలాకాలంగా బీపీ, షుగర్ ఉన్నాయి. నాలుగు నెలల క్రితం గుండెపోటు వచ్చింది. ఎల్‌ఏడీ అనే రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని స్టెంటు వేశారు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు టూడీ ఎకో తీసి, గుండె పంపింగ్ 35 శాతం ఉందన్నారు. మూడు నెలల తర్వాత ఖమ్మంలో తీయిస్తే 45 శాతం అన్నారు. మరో వారానికి హైదరాబాద్‌లో ఇంకోచోట తీయిస్తే 40 శాతమే అన్నారు. ఆ రిపోర్టులో ‘ఆర్‌డబ్ల్యూఎంఏ ప్రెజెంట్, ఎల్‌ఏడీ టెరిటరీ హైపోకైనటిక్, మోడరేట్ ఎల్‌వీ డిస్‌ఫంక్షన్, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, మైల్డ్ ఎంఆర్, ట్రివియల్ టీఆర్, నో క్లాట్’ అని రాశారు. గుండెలో 60 శాతం పనిచేయడం లేదని అమ్మ రోజూ ఏడుస్తోంది. 45 వచ్చింది కదా, మాత్రలు తగ్గించుకుంటానని నాన్న అంటున్నారు. మ్యూగా స్కాను గానీ ఎంఆర్‌ఐ గానీ తీయిస్తే అసలు సంగతి తేలుతుందని అన్నయ్య అంటున్నాడు. పంపింగ్ 35 ఉన్నవాళ్లకు ఛాతీలో మిషన్ పెట్టాలని ఒక బంధువు చెప్పారు. ఏది నమ్మాలో తెలియడం లేదు. ఆయన పొలానికి వెళ్లవచ్చా?

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ నాన్నగారి గుండె ఈ మూడు నెలల్లో కొంత కోలుకుంది. ఖమ్మంలో వచ్చిన 45కీ, వారం తర్వాత హైదరాబాద్‌లో వచ్చిన 40కీ మధ్య ఉన్న తేడా గుండె బలహీనపడటం వల్ల వచ్చినది కాకపోవచ్చు. ఈ వారంలో ఆయనకు కొత్తగా ఆయాసం గానీ, కాళ్ల వాపు గానీ, ఛాతీలో నొప్పి గానీ రాలేదంటే అది కొలతలో వచ్చిన తేడా అనుకోవడమే సమంజసం. కాబట్టి ఇప్పుడు మీకు కావలసింది నాలుగో స్కాను కాదు. ఉన్న రిపోర్టును సరిగ్గా చదవడం, వాడుతున్న మందులను ఆపకుండా చూడటం.

ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం. ఇళ్లలో ఈ అంకెను పరీక్షలో వందకు వచ్చిన మార్కుల్లా చదువుతున్నారు. 40 వస్తే తప్పినట్టు, మిగతా 60 పోయినట్టు అనుకుంటున్నారు. కానీ ఈ లెక్కలో ఏ ఆరోగ్యవంతుడి గుండెకూ వంద రాదు. రిపోర్టులో ఈఎఫ్ అని రాసేది, గుండె ఎడమ కింది గది నిండుగా ఉన్నప్పుడు అందులో ఉన్న రక్తంలో ఎన్నో వంతు ఒక్క స్పందనకు బయటకు వెళ్తోందన్నది మాత్రమే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి గుండెలో ఆ గది నిండినప్పుడు సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటుందనుకుంటే, ముడుచుకున్నప్పుడు దాదాపు 70 మిల్లీలీటర్లు బయటకు వెళ్తాయి, 50 లోపలే మిగులుతాయి. అంటే ఈఎఫ్ సుమారు 58 శాతం. అమెరికా, యూరప్ ఎకో నిపుణుల సంఘాలు 2015లో కలిసి ఇచ్చిన ప్రమాణాల ప్రకారం మగవారిలో 52 నుంచి 72 వరకు, ఆడవారిలో 54 నుంచి 74 వరకు మామూలుగా ఉన్నట్టే లెక్క. కాబట్టి మీ నాన్నగారి 40ని పోల్చవలసింది వందతో కాదు, 55తోనో 60తోనో.

ఇంకో మాట కూడా అమ్మగారికి చెప్పండి. గుండెపోటు తర్వాత ఎడమ గది తరచు కొంచెం పెద్దదవుతుంది. ఉదాహరణకు అది 150 మిల్లీలీటర్లు పట్టేంత అయిందనుకుందాం. అందులో 40 శాతం అంటే ఒక్క స్పందనకు 60 మిల్లీలీటర్లు. నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటే 4.5 లీటర్లు. ఆరోగ్యంగా ఉన్న గుండె విశ్రాంతిగా ఉన్నప్పుడు పంపేది నిమిషానికి సుమారు 5 లీటర్లు. ఈఎఫ్ 40 ఉన్నా చాలామంది ఇంట్లో తిరుగుతూ, మాట్లాడుతూ మామూలుగానే కనబడటానికి ఇదొక కారణం. అయితే గది పెద్దదై లోటును పూడ్చుకోవడం గుండెకు మంచిది కాదు. అలా సాగుతూ పోతే కండరం ఇంకా బలహీనపడుతుంది. అందుకే మనిషి బాగానే ఉన్నాడని మందులు ఆపరు, అంకె తక్కువగా ఉందని మంచానికే పరిమితం చేయరు. ఈ అంకె ఎంత ముఖ్యమో, ఆయన ఎంత దూరం ఆయాసం లేకుండా నడవగలుగుతున్నారన్నదీ అంతే ముఖ్యం. మీ ఉత్తరంలో అంకెలన్నీ ఉన్నాయి గానీ ఆ విషయం ఒక్కటీ లేదు. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు దాన్ని మరచిపోకండి.

ఇక వారం తేడాలో రెండు అంకెలు ఎందుకు వచ్చాయో చూద్దాం. ఎకోలో కనిపించేది కదులుతున్న బొమ్మ. శబ్ద తరంగాలు పక్కటెముకల సందుల్లోంచి వెళ్లి గుండె గోడలకు తగిలి తిరిగి వస్తే ఆ బొమ్మ తయారవుతుంది. పరీక్ష చేసేవారు ఎడమ గది నిండినప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఒకసారి బొమ్మను ఆపి, లోపలి గోడ వెంబడి గీత గీస్తారు. ఆ గీతల నుంచి యంత్రం ఘనపరిమాణం లెక్కకట్టి శాతం చెబుతుంది. పైన చెప్పిన ఉదాహరణలో 150 మిల్లీలీటర్ల గది ముడుచుకున్నాక 90 మిగిలిందని ఒకరు గీస్తే ఈఎఫ్ 40 వస్తుంది. అదే గదిలో 83 మిగిలిందని మరొకరు గీస్తే దాదాపు 45 వస్తుంది. ఇద్దరి మధ్య ఉన్న తేడా 7 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర టీస్పూను. ఊపిరితిత్తులు అడ్డువచ్చో, ఒళ్లు లావుగా ఉండో బొమ్మ మసకగా కనబడితే గోడ ఎక్కడుందో నిర్ణయించడం ఇంకా కష్టమవుతుంది. ఆ రోజు బీపీ ఎంతుంది, నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోంది, లయ తప్పుతోందా అన్నవాటిని బట్టి కూడా అంకె మారుతుంది. అందుకే ఇద్దరు వేర్వేరు నిపుణులు వేర్వేరు యంత్రాల మీద చూసినప్పుడు 5 పాయింట్ల తేడా రావడం అరుదేమీ కాదు, అంతకుమించి కూడా రావచ్చు. ఇది ఎవరి అశ్రద్ధా కాదు, ఆ పద్ధతికి ఉన్న హద్దు.

అయితే అన్ని పద్ధతులూ ఒక్కటి కావు. మీ దగ్గరున్న మూడు రిపోర్టులూ తీసి, ఈఎఫ్ అంకె పక్కన ఏం రాశారో చూడండి. ‘సింప్సన్స్’ అనో ‘బైప్లేన్’ అనో ఉంటే, రెండు కోణాల్లో గది మొత్తాన్ని గీసి లెక్కకట్టారని అర్థం. మీ నాన్నగారిలాంటి వారికి అదే సరైనది. ‘ఎమ్-మోడ్’ అనో ‘టైక్‌హోల్జ్’ అనో ఉంటే, గుండె పైభాగంలో ఒకే ఒక్క గీత మీద వెడల్పు కొలిచి మిగతాదంతా దాన్నిబట్టి ఊహించారని అర్థం. గుండె అంతా సమానంగా కదిలే వారికి అది సరిపోతుంది. కానీ ఎల్‌ఏడీ మూసుకుపోయిన వారికి సాధారణంగా దెబ్బతినేది గుండె కొన భాగం, ముందువైపు గోడ. ఆ ఒక్క గీత పడేది బాగా కదిలే చోట కనుక అసలు ఉన్నదానికంటే ఎక్కువ అంకె రావచ్చు. ఇవేవీ రాయకపోతే, అనుభవంతో కంటితో చూసి వేసిన అంచనా కావచ్చు. అనుభవజ్ఞుల కంటి అంచనా తీసిపారేయవలసినది కాదు, కానీ అలా వేసిన అంకెలు తరచు 35, 40, 45 అని అయిదుల్లోనే ఉంటాయి. మీ మూడు అంకెలూ అలాగే ఉన్నాయి గమనించారా? అందుకే వాటి మధ్య తేడాను మరీ నిక్కచ్చిగా పట్టించుకోవద్దంటున్నాను.

‘మోడరేట్ ఎల్‌వీ డిస్‌ఫంక్షన్’ అన్న మాట కూడా ఈ అంకె నుంచే పుడుతుంది. ఎల్‌వీ అంటే ఎడమ కింది గది, డిస్‌ఫంక్షన్ అంటే దాని పనిలో లోపం. ఆ 2015 ప్రమాణాల్లోనే మగవారికి 41 నుంచి 51 వరకు స్వల్ప లోపమని, 30 నుంచి 40 వరకు మధ్యస్థమని, 30 కంటే తక్కువైతే తీవ్రమని విభజించారు. 41 వస్తే ‘మైల్డ్’, 40 వస్తే ‘మోడరేట్’. ఒక్క పాయింటుతో పేరు మారిపోతుంది, గుండె మాత్రం అదే. ఖమ్మం రిపోర్టులో బహుశా ‘మైల్డ్’ అని ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని జబ్బు ముదిరిందని బెంగపడకండి.

రిపోర్టులోని మిగతా వాక్యాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది మొదటిదే. ఆర్‌డబ్ల్యూఎంఏ అంటే గుండె గోడలో కొంత భాగం మిగతా భాగంలా కదలడం లేదని. ఎల్‌ఏడీ టెరిటరీ అంటే ఆ రక్తనాళం నుంచి రక్తం అందే ప్రాంతం. హైపోకైనటిక్ అంటే కదలిక తగ్గిందని మాత్రమే. పూర్తిగా ఆగిపోతే ‘ఎకైనటిక్’ అని, ముడుచుకోవలసిన సమయంలో బయటకు ఉబ్బుతుంటే ‘డిస్‌కైనటిక్’ అని రాస్తారు. తగ్గిన కదలిక అంటే అక్కడ ప్రాణమున్న కండరం ఇంకా ఉందని ఆశించడానికి ఆధారం ఉంది. పల్చబడి మచ్చ కట్టిందని, అంటే ‘థిన్‌డ్ అవుట్, స్కార్డ్’ అని రాసి ఉంటే అక్కడ కోలుకునే అవకాశం తక్కువ. మీరు పంపిన వాక్యాల్లో అలాంటిదేమీ లేదు, అది మంచి సంగతి. చివరన ఉన్న ‘నో క్లాట్’ కూడా చిన్న మాట కాదు. ముందువైపు గుండెపోటు వచ్చినవారిలో సరిగా కదలని కొన భాగంలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడి మెదడుకు వెళ్తే పక్షవాతం వస్తుంది. అందుకే ప్రతి ఎకోలోనూ అక్కడ ప్రత్యేకంగా వెతుకుతారు, మీ నాన్నగారికి అది లేదు.

గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అంటే గుండె సాగి నిండే తీరు కొంత మందగించిందని అర్థం. వయసు పైబడినవారిలో, బీపీ, షుగర్ ఉన్నవారిలో చాలా ఎకోల్లో ఈ మాట కనబడుతుంది. గ్రేడ్లలో ఇదే అన్నిటికంటే తేలికైనది. దీనికి విడిగా మందు వేసుకోవలసిన అవసరం ఉండదు, బీపీ అదుపులో ఉండటమే దీనికి వైద్యం. మైల్డ్ ఎంఆర్ అంటే ఎడమవైపు ఉన్న మైట్రల్ కవాటం దగ్గర కొద్దిగా రక్తం వెనక్కు కారుతోందని. ట్రివియల్ టీఆర్ అంటే కుడివైపు కవాటం దగ్గర లెక్కలోకి రానంత కారుతోందని. రెండోది ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తుంది. మైల్డ్ ఎంఆర్ ప్రస్తుతానికి ప్రమాదం కాదు, కానీ వచ్చే ఎకోల్లో అది పెరుగుతోందేమో చూడాలి. కవాటం బాగా కారుతున్నప్పుడు వెనక్కు వెళ్లిన రక్తాన్ని కూడా ఈఎఫ్ లెక్క ‘పంపినట్టే’ చూపిస్తుంది కనుక, అప్పుడు అంకె బాగున్నా గుండె బాగున్నట్టు కాదు. ఇంకొక కొలత కూడా దాచుకోండి. ఎడమ గది నిండినప్పుడు లోపలి వెడల్పు ఎంతో చెప్పే కొలత అది, ‘ఎల్‌వీఐడీ డయాస్టోల్’ అనో ‘ఎల్‌వీఐడీడీ’ అనో మిల్లీమీటర్లలోనో సెంటీమీటర్లలోనో ఉంటుంది. మగవారిలో అది సాధారణంగా 42 నుంచి 58 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. రాబోయే ఏళ్లలో ఆ కొలత పెరుగుతోందా, నిలకడగా ఉందా అన్నది ఈఎఫ్‌కు తోడు మంచి సాక్ష్యం.

మొదట వచ్చిన 35 గురించి, బంధువు చెప్పిన మిషన్ గురించి ఇప్పుడు చెబుతాను. గుండెపోటులో రక్తం అందక కొంత కండరం చనిపోతుంది. దాని చుట్టూ మరికొంత కండరం చనిపోకుండా, కానీ పనిచేయకుండా దిగ్భ్రాంతిలో ఉండిపోతుంది. స్టెంటుతో రక్తప్రసారం తిరిగి మొదలయ్యాక ఈ రెండో రకం కండరం కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో మేలుకుంటుంది. ఇంటికి పంపే రోజున తీసిన ఎకోలో చనిపోయిన కండరమూ, దిగ్భ్రాంతిలో ఉన్న కండరమూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఆ రోజు వచ్చిన 35ను తుది తీర్పుగా ఏ వైద్యుడూ తీసుకోడు. బంధువు చెప్పిన మిషన్ ఐసీడీ. గుండె లయ ప్రాణాంతకంగా తప్పినప్పుడు లోపలి నుంచే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం అది. పంపింగ్‌ను పెంచడం దాని పని కాదు. గుండెపోటు వచ్చి కనీసం 40 రోజులు, స్టెంటు వేసి 90 రోజులు గడిచాక, సరైన మందులు వాడుతున్నా ఈఎఫ్ 35 లేదా అంతకంటే తక్కువగానే ఉండిపోతే దాని గురించి ఆలోచిస్తారు. మీ నాన్నగారికి ఆ గడువు దాటాక వచ్చిన అంకెలు 40, 45. ఏది నిజమైనా ఆ గీతకు పైనే ఉన్నారు. ఆయనకు ఉన్నట్టుండి స్పృహ తప్పడం, ప్రమాదకరమైన లయదోషం ఈసీజీలో బయటపడటం వంటివి జరిగి ఉంటే లెక్క వేరు. అవి జరిగితే మాత్రం ఈఎఫ్ ఎంతున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

అన్నయ్య చెప్పిన స్కాన్లు రెండూ మంచివే, కానీ వాటి అవసరం వేరు. మ్యూగా స్కానులో ఎర్ర రక్తకణాలకు టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొద్దిగా అంటించి, గుండె గదిలోంచి వచ్చే కిరణాలను గామా కెమెరాతో లెక్కిస్తారు. గోడ ఎక్కడుందో గీసి ఊహించే పని అంతగా ఉండదు కనుక దాని అంకె ఒకసారికీ మరోసారికీ అంతగా మారదు. డాక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ వంటి కొన్ని క్యాన్సర్ మందులు గుండె కండరాన్ని దెబ్బతీయగలవు. అవి వాడేవారిలో పంపింగ్ కొద్దిగా తగ్గినా పట్టుకోవడానికి ఈ స్కాను చాలాకాలంగా ఉపయోగపడుతోంది. కానీ అది కవాటాలు కారుతున్నాయా, లోపల గడ్డ ఉందా అన్న సంగతులు చెప్పదు, పైగా కొంత రేడియేషన్ ఉంటుంది. ఎంఆర్‌ఐలో రేడియేషన్ ఉండదు. గది పరిమాణాన్ని కొలవడంలో దానికంటే నమ్మదగినది ప్రస్తుతం లేదు. మందు ఎక్కించి తీస్తే ఎక్కడ మచ్చ కట్టిందో, ఎక్కడ కండరం బతికుందో కూడా చూపిస్తుంది. ఇప్పటి స్టెంట్లు ఉన్నవారికి సాధారణంగా ఎంఆర్‌ఐ తీయవచ్చు. స్టెంటు కార్డు తీసుకెళ్లి ముందే చూపించాలి, షుగర్ ఉంది కనుక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా ముందే చేయించాలి. కానీ ఖర్చు పెట్టి తీయించే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. వచ్చిన జవాబుతో వైద్యం మారుతుందా? 34 లేదా 36 దగ్గర తేలక ఐసీడీ పెట్టాలా వద్దా అన్న సందేహం ఉంటే మారుతుంది. ఎకో బొమ్మ మసకగా ఉండి కొనలో గడ్డ ఉందేమోనన్న అనుమానం ఉన్నా మారుతుంది. 40, 45ల మధ్య ఏది నిజమో తెలిసినంత మాత్రాన మీ నాన్నగారి మందుల చీటీ మారదు. ఇవాళ అయితే ఆ డబ్బు మందులకూ, రక్తపరీక్షలకూ ఉంచుకోమనే నా సలహా.

ఎకో మళ్లీ మళ్లీ తీయిస్తే శరీరానికి హాని కలుగుతుందేమోనన్న భయం మాత్రం అవసరం లేదు. అందులో ఉన్నది శబ్ద తరంగాలే. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎడ్లర్ అనే వైద్యుడు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి, ఓడల తయారీ కేంద్రంలో లోహపు అతుకుల్లో లోపాలను పట్టే యంత్రాన్ని అరువు తెచ్చి దానితో గుండె కదలికలను నమోదు చేశారు. ఈనాటి ఎకో అక్కడి నుంచే మొదలైంది. హాని ఉన్నదల్లా అవసరం లేకుండా తీయించి, వేర్వేరు చోట్ల వచ్చిన అంకెలు చూసి మనసు పాడుచేసుకోవడంలోనే. ఇకమీదట ఒకే చోట, వీలైతే ఒకే నిపుణుడి దగ్గర తీయించండి. సింప్సన్స్ పద్ధతిలో కొలవమని ముందే అడగండి. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లి, దానితో పోల్చి రాయమనండి. ఆయన నిలకడగా ఉంటే తర్వాతి ఎకో ఎప్పుడన్నది మీ డాక్టరు చెబుతారు. ఆయాసం, వాపు, కొత్త నొప్పి వస్తే ఆ తేదీ కోసం ఆగకూడదు.

ఇప్పుడు నాన్నగారితో నేరుగా మాట్లాడవలసిన విషయానికి వస్తున్నాను. ఈ జవాబులో అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. అయ్యా, 35 నుంచి 40కో 45కో మీ గుండె వచ్చిందంటే అందులో స్టెంటుతో పాటు మీరు రోజూ వేసుకుంటున్న మాత్రలకూ భాగం ఉంది. పంపింగ్ తగ్గినవారికి ఇచ్చే ముఖ్యమైన మందులు నాలుగు రకాలు. రామిప్రిల్ వంటివి గానీ సాక్యుబిట్రిల్-వాల్సార్టాన్ గానీ ఒకటి, మెటోప్రొలాల్ సక్సినేట్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్‌లలో ఒకటి, స్పైరోనోలాక్టోన్ గానీ ఎప్లెరెనోన్ గానీ, ఇవి కాక మొదట షుగర్‌కు వచ్చి ఇప్పుడు గుండెకూ వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి. బీపీ, కిడ్నీ, పొటాషియం ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు డాక్టరు వీటిని ఇస్తారు, మోతాదు మెల్లగా పెంచుతారు. ఇవి బీపీ తగ్గించడానికి మాత్రమే ఇచ్చినవి కావు. గుండె గది సాగిపోకుండా ఆపి, దాన్ని తిరిగి కుదురుకునేలా చేసే మందులు ఇవి. గుండె కండరం జబ్బుతో పంపింగ్ తగ్గి, తర్వాత మందులతో పూర్తిగా మామూలైనవారిపై లండన్‌లో ఒక అధ్యయనం జరిగింది. మందులు క్రమంగా ఆపినవారిలో 44 శాతం మందికి ఆరు నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. వారికి వచ్చింది గుండెపోటు కాదు, వేరే కారణం. పైగా వారి పంపింగ్ మీకంటే బాగా, 50 దాటి కోలుకుంది. అలాంటివారికే అలా అయినప్పుడు, ఇంకా 45 దగ్గర ఉన్నవారు మాత్రలు తగ్గించుకోవడం మంచిది కాదు.

స్టెంటు మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ఇచ్చి ఉంటారు. గుండెపోటుకు స్టెంటు వేశాక ఈ జంటను సాధారణంగా ఏడాది పాటు వాడమంటారు. నాలుగు నెలలకే ఒకటి ఆపేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టి మరో గుండెపోటు రావచ్చు. అది మొదటిదానికంటే ప్రమాదకరంగా ఉండవచ్చు. పన్ను పీకించుకోవలసి వచ్చినా సరే, గుండె డాక్టరును అడగకుండా వీటిని ఆపకూడదు. మాత్రలు తగ్గించాలనిపించడానికి వెనుక ఏదో కారణం ఉండే ఉంటుంది. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా, నీరసమా, పొడి దగ్గా, ఖర్చా? ఏదైనా సరే డాక్టరుకు చెప్పండి. వేళలు మార్చవచ్చు, మోతాదు మార్చవచ్చు, తక్కువ ధరలో దొరికే అదే మందు రాయవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మాత్రం ఏ మాత్రలు తాత్కాలికంగా ఆపాలో ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటివి వేసుకోకండి. అవి ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయేలా చేస్తాయి, కిడ్నీని దెబ్బతీయగలవు.

ఇంట్లో మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దానికి ఖర్చు లేదు. రోజూ పొద్దున కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు నాన్నగారి బరువు చూసి ఒక నోటుపుస్తకంలో రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కండ కాదు, ఒంట్లో చేరిన నీరు. వాపు కనబడకముందే బరువు ఆ సంగతి చెబుతుంది. ఆ పుస్తకంలోనే బీపీ, నాడి, ఎంత దూరం నడిచారో రాసిపెడితే డాక్టరుకు ఎకో అంకెతో సమానంగా ఉపయోగపడుతుంది. ఉప్పు రోజుకు అన్నీ కలిపి ఒక టీస్పూను దాటకూడదు. కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు పక్కన పెడితే తగ్గించినట్టు కాదు. ఉప్పుకు బదులు అమ్మే ‘తక్కువ సోడియం’ ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. స్పైరోనోలాక్టోన్ వాడేవారు డాక్టరును అడగకుండా వాటిని వాడకూడదు.

పొలం సంగతి చివర అడిగారు. నడిస్తే ఆయాసం, ఛాతీ నొప్పి లేకపోతే, డాక్టరు ఒకసారి చూసి సరేనంటే పొలానికి వెళ్లవచ్చు, వెళ్లడం మంచిదే. మొదట రోజూ చదును నేల మీద అరగంట నడక అలవాటు కావాలి. తర్వాత గట్ల మీద తిరగడం, నీళ్లు పెట్టడం, కూలీలను చూసుకోవడం వంటి పనులు. పనిచేస్తూ తడబడకుండా మాట్లాడగలిగితే ఆ పని ఆయన గుండె తట్టుకుంటోందని అనుకోవచ్చు. మాట మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే అక్కడితో ఆపాలి. ధాన్యం బస్తాలు ఎత్తడం, నీళ్లు నింపిన మందు పంపును వీపున వేసుకుని పిచికారీ చేయడం ఇప్పట్లో వద్దు. నిండిన పంపు ఇరవై కిలోల దగ్గర ఉంటుంది. ఖమ్మం ఎండల్లో మధ్యాహ్నం పొలంలో ఉండకూడదు; ఈ మందులు వాడేవారికి చెమటతో నీరు పోతే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. బైకు మీద వెళ్లే ముందు ఆయన డాక్టరును అడగాలి, కళ్లు తిరుగుతున్న రోజున అసలు నడపకూడదు. ఒంటరిగా వెళ్లకుండా ఎవరినైనా తోడు పంపండి, ఆయన జేబులో ఫోనుతో పాటు మందుల చీటీ నకలు పెట్టండి. ఛాతీలో బరువుగా అనిపించినా, చెమటలు పట్టినా, స్పృహ తప్పినా పొలం నుంచి ఇంటికి తీసుకొచ్చి చూద్దామనుకోవద్దు. అక్కడి నుంచే 108కి ఫోన్ చేయండి.